డిస్కు పంపకాలు: గట్టు జరపకుండా చోటు పెంచుకోవడం

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. నా ల్యాప్‌టాప్ 2017లో కొన్నది. అందులో ఉన్నది ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్ కాబట్టి విండోస్ 11కు అధికారికంగా అర్హత లేదు. యంత్రం మాత్రం ఇంకా దిటవుగానే ఉంది. కీబోర్డులో రెండు మీటలు అరిగిపోవడం తప్ప దాన్ని మూలన పడేయడానికి కారణమేదీ కనిపించక, లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాను. విండోస్‌ను పూర్తిగా తీసివేయలేదు. ఇరవై ఏళ్లుగా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాములో అను అనే తెలుగు ఫాంట్లతో కూర్చిన ఫైళ్లు నా దగ్గర కుప్పలుగా ఉన్నాయి, వాటిని తెరవాలంటే విండోస్ ఉండక తప్పదు. తెలుగు అచ్చుపనితో పరిచయం ఉన్నవారికి ఈ ఇబ్బందిని విడమరచి చెప్పనక్కరలేదు.

మింట్ ఎక్కించడం అరగంట పని. ఆ అరగంటలో నన్ను తటపటాయింపజేసిన ప్రశ్న ఒక్కటే: కొత్త సిస్టమ్‌కు డిస్కులో ఎంత చోటు ఇవ్వాలి? నేను 32 జీబీ ఇచ్చాను. 32 ఎందుకని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. మూడు వారాలు తిరగకుండానే ఆ చోటు నిండిపోయింది. ఆ తర్వాత చేసుకున్న సవరణల వల్ల నాకు స్థిరపడిన అభిప్రాయాన్ని చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను. పార్టిషన్‌ను, అంటే డిస్కులో విడదీసిన ముక్కను, కుదించడం, పెంచడం జాగ్రత్తగా చేస్తే భయపడవలసిన పనులు కావు. పార్టిషన్‌ను ఉన్నచోటు నుంచి పక్కకు జరపడం మాత్రం వీలైనంతవరకు చేయకూడని పని. మూడింటినీ కలిపి 'రీసైజ్' అనే ఒకే పేరుతో పిలవడం వల్ల కొందరు ఊరికే భయపడుతున్నారు, కొందరు ఊరికే తెగిస్తున్నారు.

ముందు నా డిస్కు స్వరూపం చెప్పాలి. అది 1 టీబీ డిస్కు. తయారీదారులు వెయ్యి చొప్పున, విండోస్ 1,024 చొప్పున లెక్కిస్తారు కాబట్టి తెరమీద 931 జీబీగా కనిపిస్తుంది. కొన్నరోజునే దుకాణంలోని కుర్రవాడు అందరికీ చేసినట్టే దాన్ని సి, డి, ఇ అని మూడు ముక్కలు చేసి ఇచ్చాడు. సికి 150 జీబీ, మిగిలిన రెండింటికీ చెరి 390 జీబీ. మనవైపు ఇది ఆచారంగా స్థిరపడిపోయింది: సిలో విండోస్, డిలో పని, ఇలో సినిమాలు. నా ఇ డ్రైవులో సినిమాలకు బదులు పాత పత్రికల స్కాన్లు ఉన్నాయి, అవి దాదాపు 300 జీబీ. మింట్ వేసేటప్పుడు ఆ ఇ డ్రైవు చివరి నుంచే 40 జీబీ కోసి, 32 రూట్‌కు (లినక్స్ సిస్టమ్ ఉండే ముఖ్య పార్టిషన్), 8 స్వాప్‌కు (మెమరీ చాలనప్పుడు వాడుకునే చోటు) ఇచ్చాను. అంటే డిస్కు మొదట్లో బూట్ ఫైళ్లుండే 100 ఎంబీ ఈఎఫ్‌ఐ పార్టిషన్, మైక్రోసాఫ్ట్ తనకోసం అట్టిపెట్టుకున్న 16 ఎంబీ, తర్వాత సి, దాని వెనుకే విండోస్ రికవరీ పార్టిషన్, ఆ తర్వాత డి, ఇ, రూట్, చిట్టచివర స్వాప్. ఈ వరుసను గుర్తుపెట్టుకోండి, చిక్కంతా ఇందులోనే ఉంది. డిలో 200 జీబీ ఖాళీగా పడి ఉంది. చోటు కావలసింది రూట్‌కు. రెండింటికీ నడుమ ఇ కూర్చుని ఉంది.

రూట్ ఎందుకు నిండిందో చూడకుండా పార్టిషన్ల జోలికి పోవడం తొందరపాటు. నేను చూసినప్పుడు అందులో 11 జీబీ టైమ్‌షిఫ్ట్‌దే. సిస్టమ్ పాడైతే వెనక్కి తెచ్చుకోవడానికని నేనే ఆన్ చేసిన ఆ పనిముట్టు, మొదటి ప్రతిగా సిస్టమ్ మొత్తాన్నీ అదే పార్టిషన్‌లో మరోసారి రాసిపెట్టింది. అప్‌డేట్ల తర్వాత మిగిలిపోయిన పాత కెర్నెళ్లు (సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రాములు), ఫ్లాట్‌ప్యాక్ పద్ధతిలో ఎక్కించిన అప్లికేషన్లు వెంట తెచ్చిన సరంజామా మరో 4 జీబీ. వీటికి తోడు లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ ఫార్మాట్ అయ్యేటప్పుడే 5 శాతం చోటును రూట్ వాడుకరి, అంటే సిస్టమ్ నిర్వాహకుడి కోసం అట్టిపెడుతుంది. 32 జీబీలో అది 1.6 జీబీ. సిస్టమ్ పార్టిషన్‌కు ఆ ఏర్పాటు సబబే కానీ, పాటలు ఫొటోలు దాచుకునే పార్టిషన్‌కు అంత అక్కరలేదు. ట్యూన్‌టూఎఫ్ఎస్ అనే ఆదేశంతో దాన్ని 1 శాతానికి తగ్గించుకోవచ్చు. ఊడ్చి శుభ్రం చేశాక కొంత ఊపిరి పీల్చుకోగలిగాను గానీ, నెలలోపు మళ్లీ ఇదే గొడవ వస్తుందని తెలుస్తూనే ఉంది.

ఇక్కడ తెలిసినవాళ్లను సలహా అడిగితే రెండు రకాల సమాధానాలు వస్తాయి. మొత్తం ఫార్మాట్ చేసి మొదటి నుంచి వేసుకోండి అనేది ఒకటి. అది సమస్యను పరిష్కరించదు, మరో అంచనాతో మరో ఆరు నెలలకు వాయిదా వేస్తుంది. రెండోది, పార్టిషన్లను మార్చే పనిముట్టు జీపార్టెడ్ తెరిచి డిని కుదించి, ఇని ఎడమకు జరిపి, రూట్‌ను ఎడమకు సాగదీయండి, అంతా మౌస్‌తో లాగడమే అనేది. ఇది నిజమే, మౌస్‌తో లాగడమే. 2013లో నేనూ అలాగే లాగాను.

అప్పట్లో నాది విండోస్ 7 ఉన్న 500 జీబీ డెస్క్‌టాప్. దానిలో ఉబుంటు 12.04 అనే లినక్స్ వేసి, ఇలాగే చోటు చాలక, 180 జీబీల ఒక ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే ఫైల్ సిస్టమ్) పార్టిషన్‌ను 40 జీబీల మేర ఎడమకు జరపమని జీపార్టెడ్‌కు చెప్పాను. గంటకు పైగా పడుతుందని చూపించింది. అది ఉమ్మడి రాష్ట్రంలో కరెంటు కోతలు ముమ్మరంగా ఉన్న కాలం. ప్రకటించిన కోత వేళలు చూసుకునే మొదలుపెట్టాను. ప్రకటించని కోత వచ్చింది. యూపీఎస్ పది నిమిషాలు కీచుకీచుమని, ఆగిపోయింది.

ఆ తర్వాత నాలుగు రోజులు టెస్ట్‌డిస్క్‌తో కుస్తీ పట్టాను. అది మంచి పనిముట్టు, పోయిన పార్టిషన్ హద్దులను వెతికి పట్టుకుంటుంది. కానీ నాకు పోయింది హద్దులు కావు. పార్టిషన్‌లో ముందు భాగం కొత్త చోటికి వచ్చేసింది, వెనుక భాగం పాత చోటే ఉండిపోయింది, ఎక్కడిదాకా వచ్చిందన్న లెక్క కంప్యూటరు మెమరీలో ఉండి కరెంటుతో పాటే పోయింది. చివరికి ఫొటోరెక్‌తో దొరికినంత ఏరుకున్నాను. ఫైలు ఆనవాళ్లను బట్టి వెతికే ఆ ప్రోగ్రాము పేర్లను తిరిగి తేలేదు. మా చెల్లెలి పెళ్లి ఫొటోలు నాలుగు వందల పైచిలుకు దొరికాయి, ఒక్కొక్కదాని పేరు ఎఫ్ అనే అక్షరం, దాని వెనుక ఏడెనిమిది అంకెలు. ముహూర్తం తర్వాత భోజనాలు, భోజనాల మధ్యలో పెళ్లిచూపులు. ఇప్పటికీ అవి ఆ క్రమంలోనే ఉన్నాయి. తప్పు జీపార్టెడ్‌ది కాదు, బ్యాకప్ లేకుండా మౌస్ పట్టుకున్న నాది.

ఆ దెబ్బ తిన్నాకే ఈ పనుల మధ్య తేడా నాకు అర్థమైంది. పార్టిషన్ వేరు, దానిలోపలి ఫైల్ సిస్టమ్ వేరు. పార్టిషన్ అంటే డిస్కులో ఫలానా సెక్టరు నుంచి ఫలానా సెక్టరు దాకా అని పట్టికలో రాసిన ఒక్క పద్దు, పొలానికి సర్వే నంబరు, హద్దుల లాంటిది. ఫైల్ సిస్టమ్ ఆ హద్దుల లోపల ఏ పంట ఏ మడిలో ఉందో చెప్పే ఖాతా. పెంచాలంటే ముందు హద్దును బయటికి జరిపి, తర్వాత లోపలి ఖాతాకు ఆ సంగతి తెలియజేయాలి. కుదించాలంటే ముందు లోపలి సరుకును ఇవతలికి సర్ది, ఖాతా చిన్నది చేసి, ఆ తర్వాతే హద్దును లోపలికి తేవాలి. ఈ క్రమం తారుమారైతే ఖాతాలో ఉన్న మడి హద్దు అవతలికి పోతుంది. జీపార్టెడ్ గానీ, విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్ గానీ ఈ క్రమాన్ని వాటంతట అవే పాటిస్తాయి కాబట్టి మామూలు వాడుకరికి ఇది తెలియకపోయినా జరిగిపోతుంది. చేతితో ఆదేశాలు కొట్టేవాళ్లు మాత్రం తెలుసుకుని తీరాలి.

పెంచేటప్పుడు ఉన్న సరుకులో ఒక్క ముక్క కూడా కదలదు. ఈఎక్స్‌టీ4ను అయితే సిస్టమ్ నడుస్తుండగానే పెంచవచ్చు, సెకన్లలో అయిపోతుంది. కుదించేటప్పుడు తోకవైపు ఉన్న సరుకు మాత్రమే ముందుకు సర్దుకుంటుంది. ఈఎక్స్‌టీ4కైతే పార్టిషన్ వాడకంలో లేకుండా, అంటే డిస్కును ముట్టకుండా పెన్‌డ్రైవ్ నుంచే సిస్టమ్‌ను నడిపే లైవ్ యూఎస్‌బీ నుంచి చేయాలి. రెండింటిలోనూ పార్టిషన్ మొదలు ఉన్నచోటే ఉంటుంది. ఆ మొదలును కదిపితే కథ మారిపోతుంది, ఎందుకంటే ఫైల్ సిస్టమ్‌లోని ప్రతి లెక్కా ఆ మొదలు నుంచే కొలిచింది. మొదలు జరిగితే సరుకంతా అంతే దూరం జరగాలి. జీపార్టెడ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను జరిపేటప్పుడు ఖాళీగా ఉన్న చోటును కూడా వదలకుండా మొత్తం మోస్తుంది. నా ఇ డ్రైవు 350 జీబీ. ఒకే డిస్కుమీద చదువుతూ రాస్తూ ఉండే పాత ల్యాప్‌టాప్ డిస్కు సెకనుకు 35 ఎంబీ మోయగలదనుకుంటే, ఇటుపక్క నుంచి అటుపక్కకు మూడు గంటలు. ఆ మూడు గంటల్లో ఏ క్షణాన ఆగినా పైన చెప్పిన పెళ్లి ఫొటోల గతే. నా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఇప్పుడు పావుగంట కూడా నిలవదు.

జీపార్టెడ్ కూడా ఈ తేడాను గుర్తిస్తుంది. పార్టిషన్ తోకను లాగితే ఏమీ అనదు. మొదలును లాగిన మరుక్షణం, దీనివల్ల మీ ఆపరేటింగ్ సిస్టమ్ బూట్ కాకపోవచ్చు అని హెచ్చరిక పెట్టె తెరుస్తుంది. మనం ఆ పెట్టెను చదవం.

మరి ఇని జరపకుండా డిలోని చోటు రూట్‌కు ఎలా చేరుతుంది? చేరనక్కరలేదు. ఇక్కడే విండోస్ అలవాటు మన ఆలోచనను కట్టిపడేస్తుంది. చోటు కావాలంటే పక్కనే ఉండాలి, గట్టు తీసి కలుపుకోవాలి అనుకుంటాం. లినక్స్‌లో ఏ ఫోల్డర్‌కైనా డిస్కులో ఎక్కడో ఉన్న పార్టిషన్‌ను తగిలించవచ్చు. ఊళ్లో ఇంటి వెనుక జాగా చాలకపోతే పక్కింటివాణ్ణి లేపి పంపించనక్కరలేదు, చెరువు కింద మరో ముక్క కొనుక్కుంటాం. నా రూట్‌ను నింపుతున్నవి రెండే: టైమ్‌షిఫ్ట్ ప్రతులు, నా సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్. రెండూ వేరే పార్టిషన్‌లో హాయిగా ఉండగలవు. డి తోకను కుదించి, ఆ వచ్చిన చోటులో కొత్త ఈఎక్స్‌టీ4 పార్టిషన్ చేసి, దాన్ని హోమ్‌గా తగిలిస్తే ఒక్క గట్టు కూడా జరపనక్కరలేదు.

కుదించడం విండోస్‌లోనే చేశాను. విస్టా కాలం నుంచీ ఈ సదుపాయం విండోస్‌లోనే ఉంది, ఎన్‌టీఎఫ్‌ఎస్ లోగుట్టు దానికే బాగా తెలుసు. ఎవరి ఫైల్ సిస్టమ్‌ను వాళ్ల పనిముట్టుతోనే కుదించాలన్నది నేను పెట్టుకున్న నియమం. 160 జీబీ తీయాలనుకున్నాను. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోని కుదించే పెట్టెలో జీబీలు కాక ఎంబీలు అడుగుతారు, 163840 అని కొట్టాలి. తీరా చూస్తే 200 జీబీ ఖాళీ ఉన్న డ్రైవులో 61 వేల ఎంబీకి మించి తీయలేనని విండోస్ చెప్పింది. చాలామంది ఇక్కడే ఆగిపోయి ఏదో ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ దింపుకుంటారు. కారణం మాత్రం విండోస్ దగ్గరే రాసి ఉంటుంది. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిచి 259 అనే సంఖ్య ఉన్న పద్దు చూస్తే, కదపడానికి వీలుకాని చిట్టచివరి ఫైలు ఏదో పేరుతో సహా దొరుకుతుంది. నా విషయంలో అది సిస్టమ్ రిస్టోర్ దాచుకున్నది. డి డ్రైవుకు సిస్టమ్ ప్రొటెక్షన్ ఆపివేసి మళ్లీ అడిగితే 160 జీబీ వచ్చింది. సి డ్రైవును కుదించేవారికి ఇదే అడ్డంకి పేజ్‌ఫైల్ (విండోస్ స్వాప్) రూపంలోనో, నిద్రలోకి వెళ్లేటప్పుడు మెమరీని రాసిపెట్టే హైబర్నేషన్ ఫైలు రూపంలోనో ఎదురవుతుంది. వాటిని తాత్కాలికంగా ఆపి, పని అయ్యాక తిరిగి ఆన్ చేసుకోవచ్చు.

ఆ పనితో పాటే ఫాస్ట్ స్టార్టప్‌ను కూడా ఆపేశాను, ఇది అలా తీసిపారేసే విషయం కాదు. విండోస్ 8 నుంచీ షట్‌డౌన్ నొక్కితే కంప్యూటరు నిజంగా పూర్తిగా ఆగిపోదు, సగం నిద్రలోకి జారుకుంటుంది. కెర్నెల్‌ను డిస్కుమీద రాసిపెట్టుకుని, మర్నాడు అక్కడి నుంచే మేలుకుంటుంది. ఆ నిద్రలో దానికి గుర్తున్న డిస్కు వేరు, మనం లినక్స్‌లోకి వెళ్లి మార్చిన డిస్కు వేరు. అందుకే లినక్స్ అటువంటి ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్‌ను తెరవడానికి మొరాయిస్తుంది, జీపార్టెడ్ దాని పక్కన హెచ్చరిక గుర్తు పెడుతుంది. బలవంతంగా దాటవేసే మార్గాలు ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. రీస్టార్ట్ నొక్కితేనో, షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితేనో పూర్తిగా ఆగుతుంది. రెండు సిస్టమ్‌లు ఉంచుకునేవారు దాన్ని శాశ్వతంగా ఆపేయడమే మేలు. కొత్త ల్యాప్‌టాప్‌ల వారికి మరో మాట: వాటిలో చాలావాటికి బిట్‌లాకర్ తాళం వాడుకరికి తెలియకుండానే పడి ఉంటుంది. 48 అంకెల రికవరీ కీ కాగితంమీద రాసుకోకుండా పార్టిషన్లను ముట్టుకోకూడదు.

కుదించగా వచ్చిన 160లో 100 జీబీకి మాత్రమే కొత్త పార్టిషన్ చేశాను. దాని పేరు ఎస్‌డీఏ9 అని వచ్చింది. డి పేరు ఎస్‌డీఏ5, ఇ పేరు ఎస్‌డీఏ6, వాటి నడుమ పుట్టినవాడు 9. హైదరాబాదులో ఇంటి నంబరు పట్టుకుని ఇల్లు వెతికినవాళ్లకు ఇది వింతగా అనిపించదు. వరుస సరిచేయడానికి పనిముట్లు ఉన్నాయి గానీ, సరిచేయవలసిన అవసరం లేదు. ఏ పార్టిషన్‌ను ఎక్కడ తగిలించాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో ఈ నంబర్లకు బదులు ప్రతి ఫైల్ సిస్టమ్‌కూ ఉండే యూయూఐడీ అనే పొడవాటి గుర్తును రాస్తే, నంబరు మారినా సిస్టమ్ దారి తప్పదు.

హోమ్‌లోని 9 జీబీని ఆర్‌సింక్‌తో, అనుమతులూ యాజమాన్యాలూ చెదరకుండా కొత్త పార్టిషన్‌లోకి నకలు తీసి, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఒక వరుస చేర్చి, రీస్టార్ట్ చేశాను. అంతా బాగానే వచ్చింది. డెస్క్‌టాప్ బొమ్మ కూడా మారలేదు. కానీ రూట్ ఎంత నిండిందో చూస్తే అణువంత కూడా తగ్గలేదు. ఏ ఫోల్డరు ఎంత తింటోందో లెక్కలు కట్టి కూడితే 9 జీబీ తేడా వస్తోంది. కూడితే వచ్చే మొత్తం ఒకటి, సిస్టమ్ చెప్పే మొత్తం మరొకటి. ఒక సాయంత్రమంతా దీనితో పోయింది. విషయం ఏమిటంటే, ఒక ఫోల్డర్‌కు వేరే పార్టిషన్ తగిలిస్తే ఆ ఫోల్డర్‌లో అంతకుముందు ఉన్న ఫైళ్లు చెరిగిపోవు, కింద పడి కనిపించకుండా ఉంటాయి. చాప కింద మరో చాప ఉన్నట్టు. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి రూట్ పార్టిషన్‌ను విడిగా తెరిస్తే నా పాత హోమ్ చెక్కుచెదరకుండా అక్కడే ఉంది. వెంటనే చెరిపేయలేదు, పేరు మార్చి వారం రోజులు ఉంచాను. ఆ వారంలో కొత్త హోమ్‌లో ఏ లోటూ కనబడకపోయాకే తీసేశాను. టైమ్‌షిఫ్ట్ ప్రతులు కూడా కొత్త పార్టిషన్‌కే మార్చడంతో 32 జీబీల రూట్‌లో సగం ఖాళీ అయింది. ఏ అంకె నన్ను తిప్పలు పెట్టిందో అదే అప్పుడు చక్కగా సరిపోయింది.

స్వాప్ సంగతి కూడా చెప్పాలి, అక్కడ పెంచడం ఎంత సులువో చూశాను కాబట్టి. వేరే స్వాప్ పార్టిషన్ చేయడం నా పాత అలవాటు. ఉబుంటు 2017లోనే, 17.04 నుంచి, దాని బదులు రూట్‌లోనే ఒక స్వాప్ ఫైలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. నేను స్వాప్‌ను ఆపి, ఆ 8 జీబీల పార్టిషన్‌ను తీసేసి, దాని ఎడమన ఉన్న రూట్ తోకను ఆ చోటులోకి పెంచాను. పాటలు వింటూనే చేశాను. పాటలో చరణం పూర్తికాకముందే 32 కాస్తా 40 అయింది. ఆ తర్వాత రీస్టార్ట్ చేస్తే మాత్రం తెర నల్లగా అయి, ఏదో డిస్కు కోసం ఎదురుచూస్తున్నానంటూ ఒకటిన్నర నిమిషం లెక్కపెట్టింది. తీసేసిన స్వాప్ యూయూఐడీని ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో చెరపడం మరచిపోయాను. చచ్చినవాడి పేరు రేషన్ కార్డులో ఉండిపోయినట్టు, సిస్టమ్ ప్రతిసారీ 90 సెకన్లు వాడి కోసం చూస్తోంది. ఆ వరుస తీసేయగానే సరిపోయింది.

ఇంతకీ 160 తీసి 100 మాత్రమే ఎందుకు వాడానంటే, మిగతా 60 ఎవరికీ ఇవ్వదలుచుకోలేదు. నా వాదనలో ముఖ్యమైన భాగం ఇదే. పూర్వం అన్నదమ్ములు పొలాలు పంచుకున్నా కళ్లాన్నీ బావినీ ఉమ్మడిగా ఉంచుకునేవాళ్లు. డిస్కును పంచేటప్పుడు మనం ఆ పని చేయం. మొదటిరోజే, ఏ సిస్టమ్‌కు ఎంత కావాలో మనకు ఏమాత్రం తెలియనినాడే, ఆఖరి ఎంబీ దాకా పంచేస్తాం. తర్వాత పెంచడం సులువు, తగ్గించడం కష్టం, జరపడం ప్రమాదం అని తెలిసినప్పుడు తక్కువతో మొదలుపెట్టి ఖాళీ వదలడమే న్యాయమైన పద్ధతి కదా. కొన్ని ఫైల్ సిస్టమ్‌లకైతే తగ్గించే మార్గమే ఉండదు. లినక్స్ సంస్థ రెడ్ హ్యాట్ 2014లో తన సిస్టమ్ ఏడో వెర్షన్‌తో ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌ను డిఫాల్ట్ ఎంపికగా చేసింది. దాన్ని పెంచుకుంటూ పోవచ్చు గానీ ఆచరణలో కుదించలేం. అక్కడ మొదటిరోజు ఎక్కువ ఇచ్చామా, ఇక అంతే.

ఉబుంటు సర్వర్ ఇన్‌స్టాలర్ ఈ నీతిని ఎప్పుడో అమలుచేసింది. 200 జీబీకి మించిన డిస్కులో ఎల్‌వీఎమ్ (గట్లు లేకుండా చోటును పంచే లినక్స్ ఏర్పాటు) పద్ధతిన వేసుకుంటే, రూట్‌కు 100 జీబీ మాత్రమే ఇచ్చి మిగతాది ఖాళీగా ఉంచుతుంది. నా 500 జీబీల్లో 400 ఏమయ్యాయని గగ్గోలు పెట్టేవాళ్లను ఎందరినో చూశాను. ఏమీ కాలేదు, కళ్లంలో ఉన్నాయి. కావలసినరోజు ఒక్క ఆదేశంతో తెచ్చుకోవచ్చు. ఎల్‌వీఎమ్ డిస్కును 4 ఎంబీల చిన్న ముక్కలుగా లెక్కిస్తుంది, ఆ ముక్కలు పక్కపక్కనే ఉండనక్కరలేదు కాబట్టి గట్ల తగాదాయే ఉండదు. డిస్కు మొత్తం లినక్స్‌కే ఇచ్చేవారు కళ్లు మూసుకుని దాన్ని ఎంచుకోవచ్చు. విండోస్‌కు దాన్ని చదవడం చేతకాదు కాబట్టి నాలాంటి ఉమ్మడి కాపురాల్లో దాని ఉపయోగం తక్కువ.

ఇదంతా లినక్స్ పిచ్చి ఉన్నవాళ్ల గోల, మామూలు విండోస్ వాడుకరికి ఎందుకని అడగవచ్చు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన ఒక భద్రతా అప్‌డేట్, విండోస్ 10 ఉన్న చాలా కంప్యూటర్లలో ఎక్కకుండా మొరాయించింది. కారణం, సి వెనుక ఉండే ఆ చిన్న రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేకపోవడం. సి డ్రైవును 250 ఎంబీ కుదించి, రికవరీ పార్టిషన్‌ను తీసివేసి పెద్దదిగా మళ్లీ చేసుకోమని ఆ సంస్థ తన వాడుకరులకే ఆదేశాల వరుస రాసి ఇచ్చింది. ఏళ్ల తరబడి సాధారణ వాడుకరి కంటికి కనబడకుండా దాచిన పార్టిషన్‌ను, అదే వాడుకరి నల్లటి తెరమీద ఆదేశాలు కొట్టి పునర్నిర్మించుకోవలసి వచ్చింది. సి పక్కన కాస్త ఖాళీ వదిలి ఉంటే అంత తతంగం ఉండేది కాదు. అదే రికవరీ పార్టిషన్ పక్కనే పాతుకుని ఉండడం వల్లే, డిలో ఎంత ఖాళీ చేసినా విండోస్‌లో సిని పెంచే మీట బూడిదరంగులో ఉండిపోతుంది.

నా మాటకు ఒక మినహాయింపు ఒప్పుకోవాలి. ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్కు ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లో, బ్యాటరీ ఆరు గంటలు నిలిచేచోట, మూడు గంటల మోత నిమిషాల్లో ముగుస్తుంది. అక్కడ జరపడం గురించిన నా భయంలో సగం పెళ్లి ఫొటోల జ్ఞాపకమే. పైగా 256 జీబీల ఎస్‌ఎస్‌డీ ఉన్నవారికి 60 జీబీ ఊరికే వదలండని చెప్పడం, చాలీచాలని జీతగాడికి పొదుపు గురించి బోధించడమే అవుతుంది. అయినా వాళ్లు 10 జీబీ వదిలినా నయమే. ఇక పనికిముందు పోతే మళ్లీ దొరకని ఫైళ్లను వేరే డిస్కులోకి తీసిపెట్టుకోవడం, పార్టిషన్ పట్టికను చిన్న ఫైలుగా భద్రపరచి మనకు మనమే మెయిల్ చేసుకోవడం, ఇవి ఎస్‌ఎస్‌డీ ఉన్నా లేకపోయినా తప్పవు. పట్టిక నకలుకు పట్టే చోటు ఒక చిన్న ఉత్తరమంత, దానికి పట్టే సమయం ఒక సెకను.

ఇప్పుడు నా డిస్కులో డికి 230, హోమ్‌కు 100, దాని కుడిపక్కన 60 జీబీల ఖాళీ, ఆ తర్వాత ఇ. హోమ్ నిండితే తోకను ఆ ఖాళీలోకి పెంచుకుంటాను. అంతకన్నా ముందు ఇ నిండేటట్టుంది. స్కాన్లకు అందులో మిగిలింది 50 జీబీ, వారానికి 2 జీబీ చొప్పున చేరుతున్నాయి. దాని కుడిపక్కన రూట్ ఉంది కాబట్టి అటు పెరగడానికి వీల్లేదు, ఎడమకు పెంచాలంటే మొదలు కదలాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవులోని ఖాళీ ఫోల్డర్‌కు మరో పార్టిషన్‌ను తగిలించే సదుపాయం విండోస్‌లోనూ ఉంది, విండోస్ 2000 నుంచీ ఉన్నదాన్ని ఇన్నాళ్లూ నేను వాడనే లేదు. ఇ డ్రైవులో 'కొత్త స్కాన్లు' అనే ఫోల్డరు ఒకటి చేసి ఖాళీగా ఉంచాను.